చదును టైము

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట ఒకడు, అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. కానీ చేలకడ్డంగా, ఊళ్ల మీదుగా సాగే క్రాస్ కంట్రీ పరుగులో మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. వాన కురిసిన నేల మీద పరిగెత్తే పిల్లకు అడుగడుక్కీ బూట్లకు ముద్దలు ముద్దలుగా మట్టి పట్టుకుంటుంది. ఎండలో ఎదురుగాలికి పోయే పిల్లకు నోట్లో తడి ఆరిపోతుంది. చల్లటి పొద్దున గట్టినేల మీద పరిగెత్తిన మూడో పిల్ల టైము వీళ్లిద్దరికంటే బాగుంటుంది, పేపర్లో ఫోటో ఆమెదే పడుతుంది. ఇది అన్యాయమని అందరికీ తెలుసు. తెలిసీ, వానను ఎవరు ఆపగలరు పోనిమ్మని ఊరుకున్నారు. ఊరుకోనిది సువర్చల ఒక్కతే.

సువర్చల మట్టిని చదువుకున్న మనిషి. మదనపల్లె బయట ఉన్న క్రీడా విజ్ఞాన కేంద్రంలో పదేళ్ల పైబడి ఒకే పని మీద కూర్చుంది. భర్త కోదండం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కూతురు నీలవేణి డిగ్రీ చదువుతూ పరుగుపందేలకు పోయే పిల్ల. ఒకరు పరిగెత్తేవారు, ఒకరు పరిగెత్తించేవారు, ఇంకొకరు ఆ పరుగును కొలిచేవారు అయ్యాక ఆ ఇంట్లో వేడన్నం తినడం ఎవరి తరమూ కాదు.

ఆమె కనిపెట్టినదానికి కాగితాల మీద బారెడు పేరుంది. లాబులో మాత్రం బూజు అనే అంటారు. నిజానికి అది బూజే. నేలలో జానెడు లోతున నూలుపోగుల్లా పాకే తెల్లటి బూజు. కార్తీకమాసం మొదట్లో ఒక ఉదయం సువర్చల ఎద్దులవారిపల్లె పక్క చేలల్లో, పందెం జరగబోయే దారి పొడవునా దాన్ని వేరుశనగ విత్తనం వేసినట్టు వేసుకుంటూ పోయింది. ఆమె దగ్గర పనిచేసే జిలానీ వెనకాలే మట్టి కప్పుతూ వచ్చాడు.

వారం తిరిగేసరికి పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని దారంతా ఒకటే వల అయింది. గట్టు మీద చిన్న పెట్టె పెట్టారు. దాని పేరు చెవి. సువర్చల దాని ముందు కూర్చుని, నడువు అన్నట్టు జిలానీకి చేయి ఊపింది. అతను చెప్పులు విడిచి నాలుగు బారలు నడిచాడు.

"ఎడమకాలు ఈడుస్తా ఉండావే జిలానీ?"

"నిన్న మోటార్ సైకిల్ మీదినుంచి పడితిని మేడం. ఇంట్లో గూడా చెప్పలేదు."

"బూజు చెప్పేసింది."

అడుగు పడితే నేల ఎంత దిగిందో, పోగు సాగడాన్ని బట్టి చెవికి వినబడుతుంది. బూజు దాహాన్ని బట్టి తడి ఎంతో తెలుస్తుంది, గడ్డివేళ్లు లాగడాన్ని బట్టి గాలి ఎటో తెలుస్తుంది. ఇక ఆ చెవికి తగిలించిన మిషన్ పని తీసివేత. బురద తీసేయ్, ఎండ తీసేయ్, ఎదురుగాలి తీసేయ్, మెరక తీసేయ్. చివరికి మిగిలేది, అదే పిల్ల గాలిలేని చల్లటి పొద్దున చదునైన నేల మీద పరిగెత్తి ఉంటే పట్టేంత సమయం. కాబట్టి జనం దాన్ని చదును టైము అన్నారు. పోయినేడు నుంచీ ఎంపిక కమిటీ కూడా దాన్నే నమ్ముతోంది.

పందెం దారిలో ఒక ముక్క ఎద్దులవారిపల్లె పెద్దవీధి గుండా పోతుంది. అక్కడా బూజు వేశారు. ఊరి ఆడవాళ్లు కొంగులు దోపుకుని చుట్టూ చేరి చూశారు. నీలవేణి వాళ్లకు కొత్త కాదు. ఆ దారిలోనే రోజూ పరిగెత్తే పిల్ల.

"పందెం అయ్యేదాకా ఈ జాడలో బండ్లు తోలొద్దమ్మా," అని చెప్పింది సువర్చల. "గొడ్లను కట్టొద్దు. మీ వాకిలి మాదిరి చూసుకోండి, చాలు."

"మా వాకిలి కంటే బాగా చూసుకుంటాం పోమ్మా," అంది ఓబులమ్మ. ఆ వీధిలో మొదటి ఇల్లు ఆమెది. సువర్చల నిశ్చింతగా వెళ్లిపోయింది.

ఆ ఏడు పందెం రెండుచోట్ల పెట్టాల్సి వచ్చింది. తుపాను పట్టుకుని ఘాట్ రోడ్లు తెగిపోయాయి. ఉత్తరాన ఉన్న పిల్లలు ఇటు రాలేరు, ఇటువాళ్లు అటు పోలేరు. విదేశంలో జరిగే పెద్ద పోటీకి పోయే జట్టులో ఒక్క సీటే మిగిలి ఉంది. సరే, ఒకేరోజు అరకు కొండల్లో ఒక పందెం, ఇక్కడ ఒక పందెం జరిపి, చదును టైము ఎవరిది తక్కువైతే సీటు వాళ్లకే అన్నారు. అరకులో బూజు వేసింది కూడా సువర్చలే, అక్కడి పిల్లల సాధన కోసమని రోడ్లు తెగకముందే పోయి వేసి వచ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దు అనే మాట రాకూడదని పందెం రోజున మాత్రం లెక్కల దగ్గరికి పోలేదు. జిలానీనీ కమిటీవాళ్లనూ కూర్చోబెట్టి, తను దూరంగా వేపచెట్టు కింద నిలబడింది.

తుపాను ఇటువైపు చినుకైనా రాల్చలేదు. ఎండ చుర్రుమంది. పడమటి నుంచి పొడిగాలి. ఐదు చుట్లలో మూడో చుట్టుకే సగంమంది పిల్లలు గట్ల మీద కూలబడ్డారు. నీలవేణి ఒంటరిగా ముందు వచ్చింది. గీత దాటాక తండ్రి నీళ్ల సీసాతో ఎదురెళ్లాడు. ఆ పిల్ల ఆయన్ని దాటుకుని, రొప్పుతూ జిలానీ బల్ల దగ్గరికి పోయింది.

"ఎట్ల పరిగెత్తినానన్నా? ఎంత చూపిస్తా ఉంది?"

ఒకప్పుడు నీలవేణి పరిగెత్తి ఇంటికొస్తే సగంపూట చెప్పేది. మెరక దగ్గర ఊపిరి తెగిపోయిందనీ, వంకలో ఇసుక కాళ్లు పట్టుకుందనీ, చివర్లో ఎక్కణ్ణుంచో బలం వచ్చిందనీ. బూజు వచ్చాక ఆ మాటలు తగ్గాయి. మిషన్ అంతకంటే బాగా చెబుతుంది కదా. పిల్లకు శాస్త్రీయ దృష్టి అబ్బిందని సువర్చల మురిసిపోయింది. తల్లులు మురిసిపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు.

సాయంత్రానికి అరకు లెక్క కూడా వచ్చింది. అక్కడ గెలిచిన పిల్ల పేరు కొర్రా సుభద్ర. పాడేరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తుపాను వానలో, దిగబడే బురదలో పరిగెత్తింది. గడియారంలో చూస్తే ఆమె టైము నీలవేణి దరిదాపుల్లో కూడా లేదు. బురదా వానా తీసేశాక మాత్రం ఇద్దరూ పక్కపక్కకు వచ్చారు. తేడా రెప్పపాటు. ఆ రెప్పపాటు నీలవేణి వైపు ఉంది.

సీటు నీలవేణిది అయింది. ఎద్దులవారిపల్లెలో టపాసులు కాల్చారు. కోదండం స్కూలంతా మైసూరుపాకు పంచి, మిగిలిన డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా ఏడ్చాడు. సువర్చల చూసింది. చూసినట్టు చెప్పలేదు.

పందెం అయిపోయాక నేలలో బూజును వదిలేయకూడదు. సున్నపునీళ్లు పోసి చంపాలి, లేకపోతే పైరుకు పాకుతుంది. తర్వాతి వారం సువర్చల, జిలానీ ఆ పని మీద వచ్చారు. చేలల్లో ఏ ఇబ్బందీ లేదు. వీధిలోకొచ్చి పార వేసేసరికి జిలానీ ఆగిపోయాడు.

"మేడం, ఇది చూడండి."

చేలల్లో దారప్పోగంత ఉన్న బూజు ఇక్కడ దూదిపరుపులా ఉంది. వేలు పెడితే మెత్తగా దిగిపోయింది. దానికిక్కడ ఎవరో కడుపునిండా తిండి పెట్టారు. సువర్చల తలెత్తి చూస్తే ఓబులమ్మ చెంబు పట్టుకుని వాకిట్లో పేడనీళ్లు చల్లుతోంది. వాకిలి అయిపోయాక ఆగలేదు. చల్లుకుంటూ వీధి నడిమిదాకా వచ్చింది.

"ఇక్కడ కూడా చల్లుతారా ఓబులమ్మా?"

"మీరే గదమ్మా చెప్పింది, వాకిలి మాదిరి చూసుకోమని. ఆ పొద్దునుంచి దినామూ వీధంతా కళ్లాపి చల్లతా ఉండాం. ఇంటికొకరు లెక్కన. పందెం పొద్దు ముగ్గు గూడా ఏద్దామనుకుంటిమి. పిల్లోళ్ల కాళ్లు జారతాయేమోనని మానుకుంటిమి." ఆమె ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. "మన నీలమ్మ మా వీధిలో ఎట్ల దూసుకుపోయిందో చూస్తిరా? దుమ్ము లేచిందా చెప్పండి."

దుమ్ము లేవలేదు. సువర్చలకు అది బాగా గుర్తుంది. పేడనీళ్లు ఆరితే మట్టి పేరుకుని నున్నగా, గట్టిగా తయారవుతుంది. ఆ పందెం దారి మొత్తంలో పరుగుకు అంతకంటే మంచి నేల లేదు. కానీ పేడ తిని బలిసిన బూజు కాలి కింద పరుపులా అణిగింది. చెవి దాన్ని మడమలోతు బురద అని విన్నది. లేని బురదను మిషన్ ఐదు చుట్లూ నీలవేణి టైములోంచి తీసేసింది.

"బాగా చూసుకున్నారమ్మా," అంది సువర్చల. ఇంకేమంటుంది? ఓబులమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, జిలానీ దగ్గరికి పోయింది.

లాబులో జిలానీ మళ్లీ లెక్క వేశాడు. వీధి ముక్కను పూర్తిగా వదిలేసి వేస్తే సుభద్ర ముందు. వీధిని చేలంత గట్టిగా అనుకుని వేస్తే నీలవేణి ముందు. ఇంకొంచెం గట్టిగా అనుకుంటే మళ్లీ సుభద్ర. ఏది అనుకుంటే అది. తేడా రెప్పపాటే కాబట్టి నిజమేదో ఆ బూజుకు కూడా తెలియదు. సున్నం పోసి దాన్ని చంపేశారు కూడా.

సువర్చల కమిటీ కార్యదర్శి శేషశయనం గారికి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే. ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, మీరు చెప్పేది నాకు అర్థమైంది. కానీ ఎవరు ముందో మీరూ చెప్పలేనంటున్నారు. మరి పేరు మార్చమని ఏ ఆధారంతో మార్చను? రేపు పేపర్లవాళ్లు పోయినేడు ఎంపికైన పిల్లల మీద కూడా పడతారు. మీ పదేళ్ల కష్టం పేడలో పోసినట్టవుతుంది, నేరుగా అంటున్నానని ఏమీ అనుకోకండి. ఎవరూ అడగలేదు కదా, వదిలేయండి."

"రేపు చెప్తానండీ," అని పెట్టేసింది. వదిలేయడం ఎంత సులువో ఆమెకు అప్పుడు తెలిసింది. ఏమీ చేయనక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే చాలు.

చీకటి పడకముందే ఇంటికి పోయింది. కోదండం సంగటి ముద్దలు చేసి, వేరుశనగ చట్నీ రోట్లో నూరి పెట్టాడు. ముగ్గురూ కింద కూర్చున్నారు. సువర్చల ముద్ద ముట్టుకోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. కోదండం చేయి కంచంలోనే ఆగిపోయింది.

"నువ్వు ఇప్పుడు ఏం చెయ్యాలనుకుంటా ఉండావు?"

"అదే తెలీక మీ ఇద్దరికీ చెప్తా ఉండా."

"తెలీకపోవడానికేముంది? సీటు వచ్చింది. పిల్ల ఐదేండ్లుగా కోడి కూయకముందే లేస్తా ఉంది. ఇప్పుడు నీ చేత్తో నువ్వే దాని నోటికాడి ముద్ద తీసేస్తావా? ఆ అరకు పిల్ల ముందని నీ లెక్క గూడా చెప్పడంలేదే." ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సువర్చలకు తేలికయ్యేది.

నీలవేణి చట్నీలో వేలు తిప్పుతూ కూర్చుంది. 

"వీధి గట్టిగానే ఉండిందమ్మా."

"ఏమి?"

"పందెం రోజు. వీధిలోకి వస్తానే కాళ్లకు హాయిగా ఉండింది. ప్రతి చుట్టూ ఆ వీధి ఎప్పుడొస్తుందా అని చూసినా. పందెం అయినాక జిలానీ అన్న కాగితం చూపిస్తే అక్కడ బురద అని ఉండింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నీ మిషన్ మెత్తన అనింది కదా. నా కాళ్లే తప్పు చెప్తా ఉండాయేమో అనుకున్నా."

ఆ పిల్ల తప్పు పట్టినట్టు కాదు, చట్నీలో ఉప్పు తగ్గింది అన్నట్టు అంది. సువర్చలకు మాత్రం గుండెలో కలుక్కుమంది. కమిటీ ఏమంటుందో, పేపర్లు ఏం రాస్తాయో అని పొద్దుటి నుంచి భయపడిందే, ఆ భయమంతా ఈ ఒక్క మాట ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. పుట్టినప్పుడు తన అరచేతిలో పట్టేంత ఉన్న పాదాలవి. వాటిని నమ్మొద్దని పిల్లకు తనే నేర్పింది, ఒక్క మాట కూడా అనకుండానే నేర్పింది. కళ్లు తుడుచుకుని కంచం పక్కకు జరిపింది. కోదండం కూడా ఇంక వాదించలేదు.

నీలవేణి లేచి చేయి కడుక్కుని, "జిలానీ అన్నకు ఫోన్ చేసి ఆ సుభద్ర నెంబరు అడగతా," అంది.

"ఎందుకు?"

"ఊరికే. మాట్లాడతా."

వసారాలో కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. లోపలి నుంచి సిగ్నల్ అందదు, చెవి దగ్గర పెట్టుకుంటే సరిగా వినబడదు, అందుకని స్పీకర్లో పెట్టింది. గడప ఇవతల నిలబడ్డ తల్లికీ తండ్రికీ అంతా వినబడింది. దాచాలని ఆ పిల్లా అనుకోలేదు.

"అక్కా, నేను మదనపల్లె నుంచి నీలవేణి. మా వైపు బూజు తప్పు చెప్పింది. ఎవరు ముందో ఎవరికీ తెలీదంట."

 అవతల వాన చప్పుడు వినబడింది.

"అలాగేటి," అంది సుభద్ర. "మరి నన్నేటి సెయ్యమంటావు?"

"నువ్వెట్ల పరిగెత్తినావో చెప్పక్కా. నేనూ చెప్తా."

సుభద్ర మొదట మొహమాటపడింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఎర్రమట్టి బూట్లకు పట్టేసి ఒక్కోకాలు బిందెంత బరువయిందట. రెండో చుట్టులో ఒక బూటు బురదలోనే ఉండిపోతే వెనక్కి పోకుండా ఒట్టికాలితో పరిగెత్తిందట. "గెడ్డ దాటేకాడ నీరు నడుంకాడికి వచ్చేసినాది. దిగడమా మానడమా అని ఒక్క గడియ ఆగిపోనాను. ఆ ఆగిందే నాకిప్పటికీ మనసులో పీకుతాది." ఆఖరి మెరక మీద కాళ్లు లేవకపోతే చేతులతో గడ్డి పట్టుకుని ఎక్కిందట.

"ఎవరన్నా వెనక ఉండిరా?"

"ఎవరూ లేరు. ఉంటే బాగున్ను. నీకో?"

నీలవేణి చెప్పడం మొదలుపెట్టింది. మొదట పొడిపొడిగా, పరీక్షలో చెప్పినట్టు చెప్పింది. ఎండ, గాలి, దాహం. "తర్వాత?" అంది సుభద్ర. తర్వాత ఏమైందో గుర్తు తెచ్చుకోవడానికి నీలవేణి కళ్లు మూసుకుంది. నాలుగో చుట్టులో నాలుక అంగిట్లో అతుక్కుపోయి మింగుడు పడలేదని చెప్పింది. ఎదురుగాలికి కళ్లల్లో ఇసుక పడి ఒక కన్ను మూసుకునే పరిగెత్తిందట. వీధిలో మాత్రం నేల అరచేయి మాదిరి ఉండిందనీ, అక్కడ ఊపిరి కూడదీసుకున్నాననీ దాచకుండా చెప్పింది. చివర్లో ఇంకొంచెం గట్టిగా పోగలిగేదాన్నేమో, వెనక ఎవరూ లేరని తెలిసి పోలేదు, అని కూడా చెప్పేసింది. ఈ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బూజుకూ తెలియదు.

"ఆ ఎండలో నానైతే సగంలో కూలబడిపోదును," అంది సుభద్ర. "మాకు ఎండ పడదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఏ బూట్లు మంచివి, కాలి గోరు ఊడిపోతే ఏం చేయాలి అనే మాటల్లో పడ్డారు. ఫోన్ పెట్టేసి నీలవేణి లోపలికి వచ్చింది. 

"సీటు ఆమెదే నాయనా," అంది నీలవేణి.

"ఎట్ల తెలుసు?"

"బూటు పోయినా ఆగకుండా పోయింది. నేను వెనక ఎవరూ లేరని గట్టిగా పోలేదు. ఆ బురదలో నేనైతే అంత వేగంగా పోయేదాన్ని కాదు."  కోరుకున్నది చేతిలోంచి జారిపోతోందని ఆమెకు తెలుసు. అయినా మాట మార్చలేదు. "నాకు తెలుస్తా ఉంది."

కోదండం కూతురి తల మీద చేయి వేసి, వసారాలోకి పోయి నిలబడ్డాడు. సువర్చల నోటిదాకా ఒక మాట వచ్చింది. పొద్దున ఇంకోసారి లెక్క వేసి చూద్దాం అని. పదేళ్ల అలవాటు మరి. దాన్ని మింగేసి, తనూ వసారాలోకి వచ్చి శేషశయనం గారికి ఫోన్ కలిపింది.

"మా అమ్మాయి తప్పుకుంటోందండీ. సీటు సుభద్రకు ఇవ్వండి. బూజు ఎక్కడ తప్పు చెప్పిందో రేపు పొద్దున నేనే రాసి పంపుతాను. పేపర్లకు కూడా ఇవ్వండి."

ఆయన నిట్టూర్చాడు. "సుభద్రే ముందని ఇప్పుడు ఎలా తేల్చారమ్మా? మిషన్ ఏమంటోంది?"

"మిషన్ కాదండీ. మా అమ్మాయి అంటోంది," అంది సువర్చల. ఆ తర్వాత ఫోన్ అక్కడే పెట్టి, లోపల ఉన్న కూతురి దగ్గరికి పోయింది. అవతల ఆయన హలో, హలో అంటూనే ఉన్నాడు.